గోడకీ నెమ్మే, నాకూ నెమ్మే

మా అత్తయ్య రెండింటికీ ఒకే మాట వాడేది. బెడ్‌రూమ్ గోడ చూసి "నెమ్మెక్కిందే ఇది" అనేది, నేను దగ్గుతుంటే "నెమ్ము చేసిందే నీకు" అనేది. రోజూ రెండు మాటలూ పక్కపక్కనే విన్నా గానీ వాటికి సంబంధం ఉంటుందని నాకు నాలుగు నెలలు తట్టలేదు, ఆవిడకీ తట్టలేదు, మధ్యలో చూపించుకున్న ఇద్దరు డాక్టర్లకీ తట్టలేదు.

మాది నల్లకుంటలో పాత అపార్ట్‌మెంట్, రెండో ఫ్లోర్. కట్టి పాతికేళ్ళు దాటింది. 2023 జూలై ఆఖర్లో ముసురు పట్టి స్కూళ్ళకి సెలవులు కూడా ఇచ్చేశారు గుర్తుందా, ఆ వారమంతా బట్టలు బెడ్‌రూమ్‌లోనే తాడు కట్టి ఆరేశా. ఆగస్టులో దగ్గు మొదలైంది. పగలంతా బానే ఉండేదాన్ని, వంట, ఆఫీసు పని, అన్నీ మామూలే. రాత్రి రెండున్నర మూడు అయ్యేసరికి మాత్రం గొంతులో ఎవరో ఈక పెట్టి తిప్పినట్టు లేచి కూర్చోవడం, దగ్గీ దగ్గీ పక్కటెముకలు నొప్పి పుట్టడం, మా ఆయన నిద్ర పాడవుతుందని హాల్లో సోఫా మీదకి వెళ్ళిపోవడం. సోఫా మీద అరగంటకి నిద్ర పట్టేసేది. అదే పెద్ద క్లూ అని అప్పుడు తెలిస్తే కదా.

మొదటి డాక్టర్ యాంటీబయాటిక్ రాశాడు, సిరప్ రాశాడు, హైదరాబాద్ దుమ్మమ్మా మాస్క్ పెట్టుకోండి అన్నాడు. రెండో ఆయన యాంటీబయాటిక్ మార్చాడు. రెండు వారాలు దాటిన దగ్గు కాబట్టి టీబీ టెస్ట్ చేయించుకోమని మా వదిన భయపెట్టింది (ఆ మాట కరెక్టే, రెండు వారాలు దాటితే చేయించుకోవాల్సిందే). ఛాతీ హాస్పిటల్‌కని "ఎర్రగడ్డ వెళ్తున్నా" అన్నా ఫోన్లో, మా తమ్ముడు "ఏ గేటుకక్కా?" అన్నాడు. పిచ్చాసుపత్రి కూడా అక్కడే కదా మరి, ఈ ఊళ్ళో ఎర్రగడ్డ అంటే ముందు అదే గుర్తొస్తుంది అందరికీ. కళ్ళె టెస్ట్ నెగెటివ్, ఎక్స్‌రే క్లియర్. సంతోషమే గానీ దగ్గు అలాగే ఉంది, అక్టోబర్‌కి మెట్లెక్కితే ఛాతీలో పిల్లికూతలు కూడా మొదలయ్యాయి.

నవంబర్‌లో ఒక పల్మనాలజిస్ట్ దగ్గరికి వెళ్ళా. ఆవిడ స్టెతస్కోప్ పెట్టేముందే అడిగింది, "ఊరెళ్తే తగ్గుతుందా?" నేను కాసేపు నోరు తెరుచుకుని ఉండిపోయా. ఎందుకంటే దసరాకి నల్గొండలో అమ్మ వాళ్ళింట్లో పది రోజులున్నా, ఒక్క రాత్రి కూడా లేవలేదు, అమ్మ చేతి మిరియాల కషాయం పనిచేసిందనుకున్నా, వచ్చేటప్పుడు పొడి కూడా డబ్బాలో కట్టించుకుని తెచ్చుకున్నా. "ఇంట్లో ఎక్కడైనా గోడ తడిగా ఉంటుందా?" అని రెండో ప్రశ్న. ఉంటుందండీ, నా తల దగ్గరే.

గొట్టంలోకి ఊదే టెస్ట్ చేశారు, ఇన్హేలర్ పీల్చాక పావుగంట ఆగి మళ్ళీ ఊదించారు. మందు తర్వాత 12 శాతం, దాంతోపాటు కనీసం 200 ఎంఎల్ పెరిగితే ఆస్తమా వైపు చూస్తారట, నాది 17 శాతం పెరిగింది. తర్వాత చర్మం టెస్ట్, ముంజేతి మీద వరుసగా చుక్కలు పెట్టి సూదితో గుచ్చారు (దీనికి ముందు కొన్ని రోజులు సిట్రిజిన్ లాంటివి ఆపేయాలి, లేకపోతే ఏమీ తేలదు). ఇరవై నిమిషాల్లో రెండు చోట్ల దోమ కుట్టినట్టు దద్దుర్లు లేచాయి. ఒకటి పరుపుల్లో ఉండే డస్ట్ మైట్స్ అనే పురుగులకి, రెండోది, ఇంకా పెద్దది, ఆస్పర్‌జిల్లస్ అనే బూజుకి (సాలెగూడు బూజు కాదు, తడికి పట్టే ఫంగస్). నలభై రెండేళ్ళకి ఆస్తమా ఏంటండీ అంటే ఏ వయసులోనైనా వస్తుందమ్మా అంది. అమ్మకి ఫోన్లో చెప్తే మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం వేయిస్తానంది, మనం ముక్క ముట్టం కదే అంటే శాకాహారులకి బెల్లంలో పెట్టి ఇస్తార్లే అంది. ఇంకా ఏడు నెలలుందమ్మా దానికి, అప్పటిదాకా ఊపిరి పీల్చుకోవాలి కదా అని ఇన్హేలర్ మొదలెట్టా. పొద్దున రెండు పఫ్‌లు, రాత్రి రెండు, ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, ఎందుకంటే అందులో స్టెరాయిడ్ ఉంటుంది, పుక్కిలించకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది. ఇన్హేలర్‌కి అలవాటు పడితే ఇంక మానలేవు అని మా బంధువుల్లో పదకొండు మంది భయపెట్టారు, లెక్కపెట్టా.

ఆ ఆదివారం నేనూ మా ఆయనా బెడ్‌రూమ్ బీరువా ముందుకి లాగాం. వెనక గోడంతా నల్లగా, కొన్నిచోట్ల పచ్చగా, నువ్వులు చల్లినట్టు చుక్కలు. వాసన... ముక్కిపోయిన గోనెసంచి తడిపి మొహాన పెట్టినట్టు. బీరువా కాళ్ళు తుప్పు పట్టి నేలకి గోధుమరంగు ముద్రలు పడ్డాయి. కింద అరలో నా పెళ్ళి పట్టుచీర మడత విప్పితే జరీ పొడుగునా బూడిదరంగు మచ్చలు. చీరకి ఏడ్చా, నిజం చెప్తున్నా, టీబీ టెస్ట్‌కి కూడా ఏడవలేదు.

తర్వాత చేసింది మాత్రం శుద్ధ తెలివితక్కువ పని. మా ఆయన ఆఫీసుకెళ్ళాక మాస్క్ కూడా లేకుండా, పొడి బ్రష్‌తో ఆ గోడ మొత్తం గీకేశా, ఫ్యాన్ వేసుకుని మరీ. ఆ రాత్రి దగ్గు కూడా రాలేదు, గాలే రాలేదు. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడితే భుజాలు పైకీ కిందకీ ఊగుతున్నాయి, "అంబులెన్స్" అని మూడు ముక్కలుగా అన్నానట. దగ్గర్లో నర్సింగ్ హోమ్‌లో నెబులైజర్ మూడు సార్లు పెట్టాక తెల్లవారుజామున మాట వచ్చింది. మా డాక్టరమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. బూజుని ఎండబెట్టి గీకితే దాని విత్తనాల్లాంటి గింజలన్నీ గాల్లోకి లేస్తాయి, చచ్చిన బూజు కూడా ఎలర్జీ పుట్టిస్తుంది, బ్లీచింగ్ కొట్టి చంపేశా అని సంబరపడితే సరిపోదు. తడిపి తుడవాలి, ఎన్95 పెట్టుకోవాలి, అసలు ఎలర్జీ ఉన్న మనిషి ఆ గదిలోనే ఉండకూడదు.

తర్వాత 400 రూపాయలు పెట్టి తేమ చూపించే చిన్న మీటర్ కొన్నాం. హాల్లో 61 శాతం, బెడ్‌రూమ్‌లో 78. అరవై దాటి అలా నిలబడితే బూజుకి పండగే, యాభై లోపుకి వస్తే మైట్స్ కూడా బతకలేవు. ఇంక నాకు మీటర్ పిచ్చి పట్టింది. బ్యాగులు తూచే స్ప్రింగ్ కాటా ఉంటే మెషిన్‌లోంచి తీసిన బట్టల బకెట్ తూచా, ఆరాక మళ్ళీ తూచా, రెండు కిలోల వంద గ్రాములు తేడా. అంటే రెండు లీటర్ల నీళ్ళు ప్రతిసారీ నా మంచం చుట్టూ గాల్లోకి పోస్తున్నా అన్నమాట. గ్యాస్ స్టవ్ కూడా అంతే, కిలో గ్యాస్ కాలితే కిలోన్నర పైగా నీటి ఆవిరి వస్తుంది, కుక్కర్ ఆవిరి కాదు, మంటలోంచే. బట్టలు టెర్రస్‌కి మార్చా, వంటింట్లో ఎగ్జాస్ట్ వేయడం అలవాటు చేసుకున్నా, కూలర్ తీసేశాం (జూన్‌లో వానలు పడ్డా సెప్టెంబర్ దాకా నడిపే ఇళ్ళు నాకు చాలా తెలుసు, మాదీ అందులో ఒకటి). కిటికీలు కూడా ముసురులో తెరిస్తే బయట తేమే లోపలికొస్తుంది, మధ్యాహ్నం ఎండ కాసేప్పుడు తెరవాలి.

ఇన్ని చేస్తే 70కి దిగింది. డిసెంబర్‌లో బయట గాలి పెదాలు పగిలేంత పొడిగా ఉంటే నా గదిలో 70! అప్పుడు ఓ ఇంజనీర్ కజిన్ చెప్పినట్టు చీర కవర్ ఒకటి కత్తిరించి గోడకి నాలుగు వైపులా టేప్ వేసి అంటించా. రెండు రోజులాగి చూస్తే పై వైపు పొడిగా ఉంది, గోడ వైపు ముత్యాల్లా నీటి చుక్కలు. గదిలో తేమ గోడ మీద చేరుతుంటే చుక్కలు మన వైపు ఉంటాయి, గోడలోంచే వస్తుంటే లోపల వైపు ఉంటాయి. అంటే ఇది గోడలోంచి వస్తున్న నీళ్ళే, బహుశా పైనుంచి దిగుతున్నవి. మా ఆ గోడ అవతల బాత్రూమ్, దాని పైన పై ఫ్లోర్ ఆంటీ వాళ్ళ బాత్రూమ్.

అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళకి తర్వాత కథ చెప్పక్కర్లేదు. "మా బాత్రూమ్ బంగారంలా ఉందమ్మా, మొన్నే టైల్స్ వేయించాం" అంది ఆంటీ. నేను ఆ కవర్ ఫోటో చూపించినా, వాన నీళ్ళేమో అంది, డిసెంబర్‌లో. చివరికి నేను వాదించడం మానేసి ఆవిడ ముందు కూర్చుని ఇన్హేలర్ తీసి పీల్చా. ప్లాన్ ప్రకారం కాదు, నిజంగా టైమ్ అయింది. ఆంటీ కాసేపు చూసి "ప్లంబర్‌ని పిలిపించు, ఖర్చు సగం సగం" అంది. ప్లంబర్ వచ్చి ఆవిడ బాత్రూమ్ నేలలో నీళ్ళు పోయే కన్నానికి (నహానీ ట్రాప్) గుడ్డ కుక్కి రెండు ఇంచుల నీళ్ళు నిలబెట్టి గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టాడు. మర్నాటికి నీళ్ళు గీత కింద వేలు మందం దిగిపోయాయి. టైల్స్ పగలగొడితే స్లాబ్ గుంటలో నింపిన ఇటుక ముక్కలన్నీ నీళ్ళలో నానుతున్నాయి, కొత్త టైల్స్ వాటి మీదే వేసేశారు. పాపం ఆంటీ మొహం చూడలేకపోయా.

ఫిబ్రవరిలో పని అయింది, మొత్తం 46 వేలు. నేను వారం నల్గొండలో ఉన్నా, ఇక్కడ మా వైపు ప్లాస్టర్ ఇటుక దాకా కొట్టేశారు. పుట్టీ, రంగు ఎప్పుడు అంటే మేస్త్రీ నవ్వి "గోడ ఆరనియ్యమ్మా, ఇంచు మందానికి నెల లెక్కేస్కో" అన్నాడు. అంతకుముందు రెండుసార్లు తేమ ఆపే పెయింట్ అని వేయించాం, మూడు నెలల్లో బుడగలొచ్చి పెచ్చులూడాయి, నీళ్ళు లోపలే ఉంటే పైన ఏది పూసినా అంతే. ఇటుకల మీద తెల్లగా దూదిలా ఏదో వస్తే మళ్ళీ బూజే అని హడలిపోయా, మేస్త్రీ తడి వేలితో రుద్దితే కరిగిపోయింది, ఉప్పట. సెకండ్‌హ్యాండ్‌లో డీహ్యూమిడిఫయర్ కూడా కొన్నాం, మొదటి వారం రోజుకి మూడు లీటర్లు తీసింది. డబ్బా మీద పది లీటర్లని ఉంటుంది, ఆ లెక్క 30 డిగ్రీలూ 80 శాతం తేమ ఉన్నప్పటిది. లీకు ఆపకముందు కొనుంటే ఊరుతున్న బావిని చెంబుతో తోడినట్టుండేది. గది కూడా కాస్త వేడెక్కుతుంది, ఏప్రిల్‌లో ఇంక ఆపేశా, హైదరాబాద్ ఎండే సరిపోయింది.

పరుపు మార్చాం, మంచం కిటికీ వైపుకి జరిపాం, బీరువా గోడకి జానెడు దూరంలో ఉంది. మార్చిలో ఊదే టెస్ట్ మామూలుగా వచ్చింది, జూన్‌లో డాక్టర్ ఇన్హేలర్ సగానికి తగ్గించింది. సొంతంగా ఆపేయకు అని మరీ మరీ చెప్పింది, ఆపలేదు. చేప ప్రసాదానికి అమ్మ రమ్మంది, జనం తోపులాటలో నేను నిలబడలేనని తప్పించుకున్నా. 2024 సెప్టెంబర్ మొదట్లో మళ్ళీ రెండు రోజులు ఎడతెగని వాన. ఆ రాత్రి మూడింటికి లేచా. దగ్గు వచ్చి కాదు, అలవాటుకి. మీటర్ మీద టార్చ్ వేస్తే 57. గోడకి ఇంకా రంగు వేయలేదు, సిమెంట్ మీదే మళ్ళీ చీర కవర్ అంటించి ఉంచా. చేత్తో తడిమితే గోడ చల్లగా ఉంది గానీ కవర్ లోపల వైపు ఒక్క చుక్క లేదు. మా ఆయన నిద్రలోనే "ఏమైంది, ఇన్హేలర్ కావాలా?" అన్నాడు.

"లేదు, కవర్ చూస్తున్నా" అన్నా.

"పడుకోవే తల్లీ" అని అటు తిరిగాడు.