గాజు కన్ను కింద పది నిమిషాలు

ఫిలడెల్ఫియాలో జైలు చూడాలని ఉందంటే మా అబ్బాయి పడీపడీ నవ్వాడు. "టికెట్ కొనుక్కుని మరీ జైలుకెళ్తానంటున్నావు నాన్నా!"

పొద్దున్న ఆర్చ్ స్ట్రీట్‌లో క్వేకర్ల (క్రైస్తవుల్లో ఒక శాఖ) ప్రార్థనా మందిరం మీటింగ్ హౌస్‌కి వెళ్ళాం. 1800ల మొదట్లో కట్టిన భవనం. శిలువ లేదు, వేదిక లేదు, వట్టి చెక్క బెంచీలు. వీళ్ళ ఆరాధనలో పాస్టర్ ప్రసంగం ఉండదు. అందరూ మాట్లాడకుండా కూర్చుంటారు. ఎవరికైనా లోపల్నుంచి మాట తోస్తే లేచి చెబుతారు. ఆ నిశ్శబ్దంలో కాసేపు కూర్చుంటే ప్రాణం హాయిగా అనిపించింది.

మధ్యాహ్నం ఫెయిర్‌మౌంట్ అవెన్యూలోని పాత జైలు, ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షియరీ. 1829లో తెరిచి 1971లో మూసేశారు. ముప్ఫై అడుగుల గోడలు, బురుజులు, అచ్చం కోటే. పెనిటెన్స్ అంటే పశ్చాత్తాపం, అది పేరులోనే ఉంది.

అంతకు ముందు ఊళ్ళో జైళ్ళు ఘోరంగా ఉండేవి. అప్పు తీర్చలేనివాడు, దొంగ, హంతకుడు అందరినీ ఒకేచోట కుక్కేవారు. 1787లో ఈ దుస్థితి మార్చాలని కొందరు సంఘం పెట్టారు. అధ్యక్షుడు ఎపిస్కోపల్ మతగురువు విలియం వైట్. డాక్టర్ బెంజమిన్ రష్, చాలామంది క్వేకర్లు అందులో ఉన్నారు. ఆ ఏడే విలియం రోజర్స్ అనే బాప్టిస్టు పాస్టర్ వాల్నట్ స్ట్రీట్ జైల్లో ప్రసంగిస్తానంటే, జైలరు ఖైదీల వైపు ఫిరంగి గురిపెట్టించి, పక్కన నిప్పుతో మనిషిని నిలబెట్టాడట! ప్రసంగం మాత్రం ఏ గొడవా లేకుండా జరిగింది.

ఈ సంఘం వాళ్ళ ఆలోచన ఒకటే: మనిషిని చెడు సావాసం నుంచి విడదీసి, చేతికి బైబిలూ, చేసుకోవడానికి ఏదో పనీ ఇస్తే తనే మారతాడు. అందుకే ఒక్కొక్కరికీ ఒక్కో గది. వైట్‌హౌస్‌లో ఇంకా కొళాయి లేని రోజుల్లో ఇక్కడ ప్రతి గదికీ నీళ్ళు, మరుగుదొడ్డి! గదిలోంచి బయటికి తెస్తే మాత్రం మొహానికి ముసుగు వేసేవారు. పక్క గదిలో ఎవరున్నారో తెలియకూడదు.

జైలు కథ వినిపించే హెడ్‌ఫోన్లు తీసేసి ఒక గదిలో కూర్చున్నాను. గోడలు పెచ్చులూడి, సున్నం నేలంతా రాలి ఉంది. పైన కప్పులో చిన్న గాజు కిటికీ. దాన్ని దేవుడి కన్ను అనేవారట. అందులోంచి పడే వెలుగు ముక్క నా చెప్పుల దగ్గరుంది. మబ్బు పట్టగానే మాయమైంది, మళ్ళీ వచ్చింది. గదిలో కదిలేది అదొక్కటే. పొద్దున్నదీ నిశ్శబ్దమే, కానీ అక్కడ లేచి వచ్చేయొచ్చు. నేను పది నిమిషాలకే వాచీ చూసుకున్నాను. వాళ్ళు ఏళ్ళకేళ్ళు ఉన్నారు.

1842లో ఇంగ్లీషు నవలా రచయిత చార్లెస్ డికెన్స్ వచ్చి చూసి, ఒంటి మీద దెబ్బల కన్నా ఇది ఘోరమని రాశాడు. అయినా ఇదే నమూనాలో దేశదేశాల్లో సుమారు 300 జైళ్ళు కట్టారు. ఇక్కడేమో 1913లో ఒంటరి పద్ధతిని అధికారికంగా వదిలేశారు. కట్టినవాళ్ళు దుర్మార్గులైతే ఇంత బాధ ఉండేది కాదు నాకు. మంచివాళ్ళు, జాలిపడే కట్టారు.

లేచి వస్తుంటే గుమ్మం నుదుటికి ఠపీమని తగిలింది. అంత పొట్టి గుమ్మం. బయట మావాడు ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నాడు. మామూలుగా అయితే "మెల్లగా మాట్లాడరా" అనేవాణ్ణి.