బొటనవేలు ఎక్కడుంది?

మన పదో తరగతి బ్యాచ్ సంచికకి రెండు పేజీలు రాయమని కమిటీ వాళ్లు అడిగారు. వార్షికోత్సవం నాటకం గురించి ఎలాగూ నలుగురైదుగురు రాస్తారు. నాకు మాత్రం మన చివరి రెండు బెంచీల చేతి సైగలే గుర్తొచ్చాయి. తొమ్మిదో కిటికీ, ‘గొడుగు’, ‘సగం సున్నా’... మనవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఆరు నుంచి తొమ్మిది దాకా అంతా మసక. పదో తరగతి లెక్కల పీరియడు మాత్రం ఒక్కో వేలుతో సహా కళ్లముందుంది.

లెక్కల మాస్టారు ఎన్నో సైగలు పట్టుకున్నారు. ఒక్కసారీ బెత్తం ఎత్తలేదు, అడిగేవారంతే. ‘‘బొటనవేలు ఎక్కడుంది? అరచెయ్యి ఎటు తిరిగింది? ఎవరికి చూపించావు? అంతకుముందు ఏం జరిగింది?’’ ఎప్పుడూ అదే వరస. సైగ కనపడగానే చాలామంది పెద్దవాళ్లు అర్థం ఊహించేసుకుంటారు, తప్పు అక్కడే జరుగుతుంది. మాస్టారు ముందు ఆకారం చూసేవారు, తర్వాత అది ఎవరికి తగిలిందో చూసేవారు. అందరూ నవ్వుతుంటే నవ్వని పిల్లాడు ఎవడో వెతికేవారు. మన బ్యాచ్‌లో ఇప్పుడు బడుల్లో పాఠాలు చెబుతున్నవాళ్లం కొందరం ఉన్నాం. పిల్లలు మా దగ్గర మనసు విప్పుతున్నారంటే అది ఆ నాలుగు ప్రశ్నల చలవే.

బొటనవేలే మొదటి ప్రశ్న ఎందుకయిందో చేసి చూడండి. చూపుడువేలు, చిటికెనవేలు నిలబెట్టి మధ్య రెండూ మడవండి. వాటిమీద బొటనవేలు అదిమితే కొమ్ములు, రాక్ సంగీతం అభిమానుల గుర్తు. అదే బొటనవేలు పక్కకి చాపితే అమెరికన్ సంజ్ఞాభాషలోని ఐ, ఎల్, వై అక్షరాలు మూడూ ఒకే చేతిలోకి వచ్చి ‘నువ్వంటే నాకు ప్రేమ’ అవుతుంది. చూపుడువేలు కూడా మడిచేసి చెయ్యి ఊపితే హవాయి వాళ్ల షాకా, హాయిగా ఉండమని.

కొరియా నుంచి వచ్చిన వేళ్ల హృదయంలోనూ అంతే. చూపుడువేలి చివరి కణుపు బొటనవేలి మీద అడ్డంగా పడాలి, రెండు కొసలూ చెరోవైపు కనపడాలి. కొసలు ఊరికే తాకితే అది చిటికెడు. రుద్దితే డబ్బులడిగినట్టు.

అరచెయ్యి సంగతికొస్తే, రెండు వేళ్లు ‘వి’ ఆకారంలో నిలబెట్టే విజయం గుర్తుని అరచెయ్యి మనవైపు తిప్పి చూపిస్తే బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో బూతు. బొటనవేలు, చూపుడువేలు కలిపిన సున్నా మనకి ‘భేష్’, బ్రెజిల్‌లో తిట్టు. దాన్నే నడుము కింద పట్టుకుంటే పిల్లల ఆట, చూసినవాడి భుజం మీద ఒక గుద్దు. 2019లో అమెరికాలో యూదు ద్వేషాన్ని ఎదిరించే యాంటీ డిఫమేషన్ లీగ్ అనే సంస్థ ఆ గుర్తుని ద్వేష చిహ్నాల జాబితాలో చేర్చింది. ఎక్కువసార్లు దానికి మామూలు అర్థమే ఉంటుందని కూడా అదే సంస్థ చెప్పింది. అందుకే ‘ఎవరికి’ అన్న ప్రశ్న.

ఇప్పటి తరగతి గదిలో ఎక్కువ గొడవ తెచ్చేది దవడ సైగ. మాస్టారు ప్రశ్న వేస్తారు, పిల్లాడు పెదాల మీద వేలు పెట్టి, ఆ వేలితోనే దవడ గీత మీద గీస్తాడు. నాలుకని అంగిలికి ఆనించి ఉన్నాను, మాట్లాడలేను అని. బ్రిటన్‌కి చెందిన మ్యూ అనే తండ్రీకొడుకులైన దంతవైద్యుల పేరుతో వచ్చిన ‘మ్యూయింగ్’ ఇది, దవడ తీరుగా కనపడాలని చేసే అలవాటు. పొగరుగా కనిపిస్తుంది కానీ చాలాసార్లు జవాబు తెలియని సిగ్గుని కప్పుకోవడమే. అదే ప్రశ్న కాసేపాగి, పక్కకి పిలిచి అడిగితే తేలిపోతుంది. ఇక రెండు అరచేతులూ పైకి పెట్టి తక్కెడలా ఊపే ‘67’ (సిక్స్ సెవెన్)కి అర్థమే లేదు, వెతకొద్దు. 2025లో డిక్షనరీ డాట్ కామ్ దాన్నే ఆ ఏటి మాటగా ఎంచింది. పిల్లల సైగలు తెలుసుకోండి, తిరిగి చేసి చూపించకండి. పెద్దవాళ్ల చేతికి వచ్చిన రోజే పిల్లలు దాన్ని వదిలేస్తారు.

ఒక్కటి మాత్రం అందరూ నేర్చుకుని తీరాలి. అరచెయ్యి ఎదుటివాళ్లకి చూపించి, బొటనవేలు అరచేతిలోకి మడిచి, మిగతా నాలుగు వేళ్లూ దానిమీద మూయడం. సాయం కావాలని అర్థం. 2020లో కెనడియన్ విమెన్స్ ఫౌండేషన్ దీన్ని తెచ్చింది. వీడియో కాల్‌లో మాట లేకుండా, ఒక్క చేత్తో, ఆనవాలు మిగలకుండా చెప్పడానికి. 2021 నవంబరులో అమెరికాలోని కెంటకీలో కారులో ఉన్న 16 ఏళ్ల అమ్మాయి ఈ సైగ చేస్తే, మరో కారులో వెళ్తున్న వ్యక్తి గుర్తుపట్టి పోలీసులకి ఫోన్ చేశాడు. ఆమె బయటపడింది. తొందరలో చేస్తే ఇది ‘టాటా’లాగే ఉంటుంది, అందుకే చాలామంది నవ్వి చెయ్యి ఊపేస్తారు. బొటనవేలు లోపలుందా అన్నదే చూడాలి. ఉంటే అక్కడికక్కడ ‘ఏమైంది’ అని గట్టిగా అడగొద్దు, పక్కన వినేవాళ్లు ఉండొచ్చు. అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్నలే వేయాలి. ప్రాణం మీదికొచ్చిందని తెలిస్తే వెంటనే పోలీసులకి చెప్పాలి.

సంచిక చివరి అట్ట లోపలివైపు ఇంకా ఖాళీగా ఉందని విన్నాను. ఈ చెయ్యి బొమ్మ అక్కడ రెండు అంచెల్లో వేయించమని కమిటీకి నా మనవి. మొదటిదాంట్లో బొటనవేలు మడిచి ఉండాలి, రెండోదాంట్లో పిడికిలి మూసి ఉండాలి. కింద మాస్టారి మొదటి ప్రశ్న ఉంటే చాలు, పేరు అక్కర్లేదు.