చవక మెమరీ ఫోమ్ పరుపు: నిద్ర లేచాక తెలిసేది

దేశం దాటి వచ్చిన కొత్తలో పరుపు మీద డబ్బు పెట్టడానికి ఎవరికీ మనసొప్పదు. ఫోన్ మంచిదే కొంటాం, చలికోటు మంచిదే కొంటాం, ఇంటికి పంపాల్సింది పంపుతాం. పడక దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఎన్నాళ్ళుంటాంలే" అనిపిస్తుంది. మనకంటే ముందు గదిలో ఉన్నవాళ్ళు వదిలేసి వెళ్ళిన పరుపొకటి మధ్యలో గుంటపడి ఉంటుంది. దాని మీద దుప్పటి వేసేసి పడుకుంటాం. ఏడాది అనుకున్నది పెరుగుతూ పోతుంది, కాంట్రాక్టు పొడిగిస్తారు, గది మారతాం. ఆ గదిలో గుంట పోయి ఈ గదిలో గుంట వస్తుంది, అంతే.

నాది గోడౌన్‌లో రాత్రి షిఫ్టు. నిలబడటం, వంగటం, ఎత్తటం, మళ్ళీ వంగటం. ఈ పనిలో నడుము పట్టేసిందంటే ఆ వారం జీతంలో తెలిసిపోతుంది. అందుకే నాకు అందుబాటులో ఉన్న ధరలో ఒక మెమరీ ఫోమ్ పరుపు తెప్పించుకున్నాను. దాని మీద పడుకుంటూ, మా ఇంట్లో మిగతావాళ్ళు కొన్నవాటినీ చూస్తూ వచ్చాను. మెత్తగా ఉందా లేదా అన్నది పడుకున్న పది నిమిషాల్లో తెలిసిపోతుంది. నడుముకు ఆసరా ఉందా లేదా అన్నది కొన్ని వారాలు పోయాక, నిద్ర లేచి కాళ్ళు కింద పెట్టేటప్పుడు తెలుస్తుంది. చవక పరుపులు మొదటిదాంట్లో దాదాపు అన్నీ పాసైపోతాయి. రెండోదాంట్లోనే అసలు రంగు బయటపడుతుంది.

ప్రకటనల్లో చంద్రుడు, రాకెట్లు, వ్యోమగాములు కనిపిస్తారు కదా, అందులో నిజం కొంతే. 1966లో నాసా వాళ్ళ ఏమ్స్ పరిశోధన కేంద్రం కోసం చార్లెస్ యోస్ట్ అనే ఇంజనీరు విమాన సీట్లకు పనికొచ్చే ఫోమ్ తయారుచేశాడు. కుదుపుల్నీ దెబ్బనీ అదిమిపట్టాలి, ఎక్కువసేపు కూర్చున్నా ఒంటికి ఒత్తుకోకూడదు, అదీ కోరిక. పరుపుగా ఇళ్ళలోకి రావడానికి చాలా కాలం పట్టింది. 1991లో స్వీడన్‌లో టెంపూర్ పేరుతో అమ్మకానికి వచ్చింది. మనం కొనే చవక పరుపుకీ దానికీ ఉన్న పోలిక పేరులోనే ఎక్కువ. రెండూ పాలీయురిథేన్ ఫోమే, వేడి తగిలితే మెత్తబడి ఒంటి ఆకారానికి ఒదిగే రకమే. తేడా అంతా ఆ ఫోమ్ ఎంత చిక్కగా ఉంది, ఎంత మందాన వేశారు అన్నదాంట్లో ఉంది.

20 సెంటీమీటర్ల చవక పరుపులో 20 సెంటీమీటర్లూ మెమరీ ఫోమ్ అనుకునేవాళ్ళు చాలామంది. సాధారణంగా పైన ఓ 5 సెంటీమీటర్లు మాత్రమే అది. మిగతాదంతా మామూలు ఫోమ్. పైపొర హాయినిస్తుంది, బరువు మోసేది కిందపొర. ప్రకటనంతా పైపొర గురించే ఉంటుంది, కిందపొర గురించి ఒక్క ముక్క ఉండదు. చవక చేయాలంటే కోత పెట్టేది అక్కడే మరి.

కిందపొర సంగతి కొనేముందే కొంత ఊహించొచ్చు. దానికి చిన్న లెక్క చాలు. సామాను వివరాల్లో పరుపు బరువు, కొలతలు రాసి ఉంటాయి. పొడవు, వెడల్పు, మందం మీటర్లలో గుణించి, బరువుని దాంతో భాగించండి. ఒక మనిషి పడుకునే 90 బై 190 పరుపు, మందం 20 సెంటీమీటర్లు అనుకుందాం. 0.9ని 1.9తో, దాన్ని 0.2తో గుణిస్తే 0.342 ఘనపు మీటర్లు. బరువు 10 కిలోలైతే సగటున ఘనపు మీటరుకు 29 కిలోలు. అందులో గలీబు బరువు కూడా కలిసే ఉంటుంది. మంచి మెమరీ ఫోమ్ ఒక్కదాన్నే తూస్తే ఘనపు మీటరుకు 50 కిలోల పైన, బాగా చిక్కనిదైతే 80 కూడా తూగుతుంది. అంటే 29 సగటు వచ్చిందంటే పైపొర అయినా పలచన అయ్యుండాలి, కిందపొర అయినా తేలిక అయ్యుండాలి, లేదా రెండూ. బక్కపలచగా ఉన్నవాళ్ళకి అలాంటిది కొన్నేళ్ళు నడుస్తుంది. తొంభై, వంద కిలోల మనిషి దాని మీద పడుకుంటే నడుము దగ్గర త్వరగానే చతికిలబడుతుంది. "మీడియం ఫర్మ్", "పదికి ఆరు" లాంటి మాటలకంటే ఈ లెక్కనే నేను నమ్ముతాను. ఆ గట్టిదనం అంకెలకి అన్ని కంపెనీలూ ఒప్పుకున్న కొలమానం ఏదీ లేదు, ఎవరి పది వాళ్ళది.

పరుపు చుట్టచుట్టి అట్టపెట్టెలో వస్తుంది. ఇరుకు మెట్లున్న అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళకి ఇదొక్కటే పెద్ద వరం, ఒక్కడే భుజాన వేసుకుని మూడో అంతస్తుకి ఎక్కించుకోవచ్చు. ప్లాస్టిక్ కోయగానే గాలి పీల్చుకుంటూ లేస్తుంది. పూర్తిగా లేవడానికి ఒకటి నుంచి మూడు రోజులు పట్టొచ్చు, చలిగదిలో ఇంకాస్త ఆలస్యం. మూలలు కొంచెం వాలి ఉన్నాయని మొదటిరోజే గాభరా పడనక్కర్లేదు. వాసన మాత్రం వస్తుంది, కొత్త పెయింటు వాసనలాంటిది. కిటికీ తెరిచి ఉంచితే కొద్దిరోజుల్లో తగ్గుతుంది. నలుగురు పడుకునే గదిలో చలికాలం కిటికీ తెరుస్తానంటే గొడవే, కాబట్టి కుదిరితే సెలవురోజు చూసి విప్పండి. సెర్టిపూర్, ఓకో-టెక్స్ లాంటి ముద్రలు ఉంటే హానికర రసాయనాల విషయంలో ఫోమ్‌కో గుడ్డకో పరీక్ష జరిగిందని అర్థం. నడుముకి ఆసరా ఇస్తుందని కాదు. అమ్మేవాళ్ళు ఈ రెండూ కలిపేసి మాట్లాడతారు.

ఇక అసలు పరీక్ష. వెల్లకిలా పడుకుని నడుము కింద ఉండే ఒంపులోకి చెయ్యి దూర్చి చూడాలి. చెయ్యి అటూ ఇటూ సులువుగా ఆడుతుంటే ఆ పరుపు మీకు గట్టిది, నడుము గాల్లో ఉన్నట్టు. అసలు దూరకపోతే తుంటి బాగా దిగిపోయినట్టు. కొంచెం బిగువుగా దూరితే సరిపోయింది. పక్కకి తిరిగి పడుకునేవాళ్ళకి ఇది చాలదు. మా గదిలో ఉండే కుర్రాడు నాకంటే బాగా చిన్నవాడు, ఎప్పుడూ పక్కకే తిరిగి పడుకుంటాడు. కొత్త పరుపు వేశాక కుడి భుజం తిమ్మిరెక్కుతోందని ఒకటే సణుగుడు.

"అన్నా, మెత్తగానే ఉంది కదా, మరి భుజమెందుకు లాగుతోంది?"

"చొక్కా తీసి పడుకోరా, చూద్దాం" అన్నాను.

మెడ కింది నుంచి నడుము దాకా వెన్నుపూసల మీద నాలుగైదు చోట్ల రంగు టేపు ముక్కలు అంటించి, వెనకనుంచి ఫోన్‌తో ఫోటో తీశాను. మెడ నుంచి తుంటి దాకా ఆ ముక్కలన్నీ దాదాపు ఒకే గీతలో ఉండాలి. వాడివి విల్లులా వంగి ఉన్నాయి. తుంటి దిగిపోయింది, భుజం మాత్రం పైనే నిలిచిపోయింది. మనిషి తేలిక, భుజం వెడల్పు. పైపొర భుజాన్ని లోపలికి తీసుకునేంత మందంగా లేదు, దాని కింద ఉన్న ఫోమ్ ఏమో గట్టిది. చేత్తో తడిమితే మెత్తగా తగిలే పరుపు ఒంటికి గట్టిదెలా అవుతుందో ఆ ఫోటోలో కనబడింది. వాడి విషయంలో మందం ఎక్కువున్న పైపొర కావాలి, లేదా పైన వేసుకునే పలచటి టాపర్ ఒకటి. టాపర్‌తో భుజం నొప్పి తగ్గుతుంది. గుంటపడిన పాత పరుపు మీద టాపర్ వేస్తే మాత్రం అదీ ఆ గుంటలోకే వంగుతుంది, డబ్బు దండగ.

బోర్లా పడుకునే అలవాటున్నవాళ్ళకి చవక మెమరీ ఫోమ్ నేను చెప్పను. పొట్ట దిగి నడుము వెనక్కి వంగిపోతుంది. వాళ్ళకి గట్టిదే మేలు.

గట్టి పరుపే నడుముకి మంచిదన్న మాట మనవాళ్ళలో బలంగా ఉంది, కొందరు నేల మీద పడుకోమంటారు. స్పెయిన్‌లో దీర్ఘకాల నడుంనొప్పి ఉన్న 313 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి గట్టివి, ఇంకో గుంపుకి మధ్యరకం గట్టివి ఇచ్చి 90 రోజులు చూశారు. ఆ ఫలితాలు 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మధ్యరకం మీద పడుకున్నవాళ్ళకే నొప్పి ఎక్కువ తగ్గింది. అది మెమరీ ఫోమ్ గొప్పదని తేల్చిన పరిశోధన కాదు. బాగా గట్టిదే మందు అనుకోనక్కర్లేదని మాత్రం దాన్నిబట్టి చెప్పొచ్చు.

రాత్రి షిఫ్టువాళ్ళు ప్రత్యేకంగా గమనించాల్సింది వేడి. ఈ ఫోమ్ గది వేడినిబట్టి మారుతుంది. చలికాలం హీటర్ ఆపేసిన గదిలో పడుకోగానే పలకలా ఉంటుంది, ఒంటి వేడికి నిదానంగా వదులవుతుంది. అదే పరుపు ఎండాకాలం పట్టపగలు, పరదాలు వేసి మూసిన గదిలో నిద్రపోయేవాడికి లోపలికి లాగేస్తున్నట్టుంటుంది. ఒళ్ళు ఎంత దిగితే చుట్టూ గాలి అంత తగ్గుతుంది, చెమట పడుతుంది, పక్కకి తిరగాలంటే బురదలోంచి కాలు లాగినట్టు. జెల్ కలిపాం, చల్లగా ఉంటుంది అంటారు. పడుకోగానే చల్లగానే తగులుతుంది, కాసేపటికి అదీ వేడెక్కుతుంది. పగటి నిద్ర నాది కాబట్టి ఈ పరుపులో నాకు నచ్చని సంగతుల్లో మొదటిది ఇదే. పలచటి నూలు దుప్పటి, గదిలో ఫ్యాను, ఇవి జెల్ కంటే బాగా పనిచేశాయి. పరుపు బాగోగులు చూసేటప్పుడు మీరు నిద్రపోయే వేళలోనే, ఆ గది వేడిలోనే చూడండి. ఏసీ షోరూములో పడుకుని చూసింది లెక్కలోకి రాదు.

ఇంకో చిక్కు దిండుతో. కొత్త పరుపులోకి భుజం దిగాక పాత దిండు ఎత్తయిపోతుంది. మెడ పట్టేస్తే జనం పరుపుని తిడతారు. ముందు దిండు మార్చి చూడాలి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, పక్కవాడి కదలిక తెలియకపోవడంలో దీన్ని మించింది లేదు. షిఫ్టులు వేరైన దంపతులకి, ఒకే మంచం పంచుకునే స్నేహితులకి ఈ గుణం చాలా విలువైనది. ఒకరు లేచి వెళ్ళినా రెండోవారికి తెలియదు. అంచులు మాత్రం బలహీనం. అంచున కూర్చుని బూట్లు వేసుకుంటుంటే జారిపోతున్నట్టుంటుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఇలాంటి అంచు మీంచి లేవడానికి ఇబ్బంది పడతారు.

మంచం కొనకుండా పరుపు నేల మీదే వేసుకునేవాళ్ళం మనలో చాలామంది. మెమరీ ఫోమ్‌కి అది పనికిరాదు. ఒంటి చెమట, గదిలో తేమ కిందికి దిగి, చల్లటి నేలకీ పరుపుకీ మధ్య చిక్కుకుంటుంది. కొంతకాలానికి అడుగున నల్లగా బూజు. తప్పనిసరైతే రోజూ గోడకి ఆనించి నిలబెట్టాలి. చెక్కపట్టీల మంచమైతే పట్టీల మధ్య సందు 7, 8 సెంటీమీటర్లకు మించకుండా ఉంటే మంచిది. సందులు ఎక్కువైతే ఫోమ్ వాటిలోకి జారి, పరుపు బాగున్నా నడుముకి ఆసరా పోతుంది. తల వైపు కాళ్ళ వైపుకి అప్పుడప్పుడూ తిప్పి వేసుకోండి, కానీ తిరగేయకండి. మెమరీ పొర పైన మాత్రమే ఉంది కదా.

గలీబుకి జిప్పు ఉంది కదా అని విప్పి ఉతికేయకండి, ముందు దాని మీద కుట్టిన చీటీ చదవండి. అమెరికాలో 2007 నుంచి పరుపులన్నీ నిప్పు పరీక్ష నెగ్గాలి. ఆ పరీక్ష చవకగా దాటడానికి కొందరు తయారీదారులు ఫోమ్ చుట్టూ గాజుపీచు తొడుగు వేస్తారు. లోపల ఉన్నంతసేపు దాని జోలి ఉండదు. గలీబు తీస్తే సన్నటి పోగులు గదంతా ఎగిరి, ఒళ్ళు దురదలు, బట్టలన్నీ పాడు. చీటీలో గ్లాస్ ఫైబర్ అనో ఫైబర్‌గ్లాస్ అనో ఉంటే ఆ జిప్పు ముట్టుకోవద్దు, పైన వేరే తొడుగు వేసుకోండి.

వారంటీ పదేళ్ళని పెద్ద అక్షరాల్లో రాస్తారు. అది మొదట కొన్నవాడికే చెల్లుతుంది సాధారణంగా. ఊరు మారుతూ, గదులు మారుతూ తిరిగే మనలాంటివాళ్ళు రసీదు, మొదటి చిరునామా, ఆ చీటీ ఫోటో తీసి దాచుకోవాలి. గుంటపడిందని ఫిర్యాదు చేస్తే ఎంత లోతని అడుగుతారు. చాలా వారంటీల్లో రెండున్నర నుంచి నాలుగు సెంటీమీటర్లలోపు గుంటని లోపంగా ఒప్పుకోరు. ఈ చివర నుంచి ఆ చివరకి దారం బిగించి పట్టుకుని, మధ్యలో స్కేలుతో కొలిచి, స్కేలు అంకె కనిపించేలా ఫోటో తీయాలి. కొన్నాళ్ళు వాడి నచ్చకపోతే తిరిగి తీసుకుంటామనే సదుపాయం ఉంటే ఇంకా మేలు, కాకపోతే ముందు కొన్ని వారాలు వాడి తీరాలనే షరతు ఉందేమో, తీసుకెళ్ళే ఖర్చు ఎవరిదో చూసుకోండి. విప్పిన పరుపుని మళ్ళీ ఆ పెట్టెలో కుక్కడం మానవమాత్రుల వల్ల కాదు.

కాబట్టి సన్నగానో మధ్యస్థంగానో ఉన్నవాళ్ళు, వెల్లకిలా లేదా, పైపొర మందంగా ఉంటే, పక్కకి తిరిగి పడుకునేవాళ్ళు, రెండు మూడేళ్ళలో ఇల్లు మారతామని తెలిసినవాళ్ళు నిస్సంకోచంగా తీసుకోవచ్చు. బరువున్నవాళ్ళు అదే డబ్బుకి స్ప్రింగు పరుపు చూడండి. వాడేసిన మెమరీ ఫోమ్ ఎవరో ఊరికే ఇస్తున్నారంటే నేనైతే తీసుకోను. వాళ్ళ ఒంటి గుంట మనకి సరిపోదు, పైగా కుట్ల మడతల్లో నల్లులుంటే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు.