లైటు పోయింది, బొమ్మ పోలేదు

మంగళవారం, రాత్రి పదిన్నర

పొద్దున ఐదున్నరకు లేచి, పాలు పొయ్యి మీద పెట్టి ల్యాప్‌టాప్ మూత తీశాను. నిన్న రాత్రి 112వ పేజీ దగ్గర ఆపి పడుకున్నాను, ఇంకా నలభై పేజీలున్నాయి. నల్గొండ వైపు నుంచి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు తమ ఊరి చరిత్ర రాసుకుని నాకు డీటీపీకి ఇచ్చారు. గురువారానికల్లా ఫైలు ప్రెస్సుకు వెళ్లాలి.

తెర నల్లగా ఉంది.

ఫ్యాను తిరుగుతోంది. క్యాప్స్ లాక్ నొక్కితే చిన్న దీపం వెలుగుతోంది, మళ్లీ నొక్కితే ఆరుతోంది. ఎప్పుడూ వచ్చే మోత వచ్చింది. అంటే మనిషి బతికే ఉన్నాడు, కళ్లే తెరవడం లేదు. గుండె జారిపోయింది నాకు. ఏడేళ్లుగా ఇంట్లో ఫీజులూ కరెంటు బిల్లులూ చాలావరకు దీని మీదే గడుస్తున్నాయి.

వెలుతురు పెంచే మీట పట్టుకుని నొక్కాను. ఏమీ లేదు. చార్జర్ తీసేసి, పవర్ బటన్ను ముప్పై సెకన్లు అదిమి పట్టి వదిలి, మళ్లీ ఆన్ చేశాను. ఒక్కోసారి లోపల మిగిలిపోయిన కరెంటు ఇలా దిగిపోయి తెర వస్తుంది. ఈసారి రాలేదు. ఫోను గుర్తొచ్చి చటుక్కున పక్కకు తీశాను. పోయినేడు ఒకసారి అయస్కాంతం ఉన్న ఫోను కవరును కీబోర్డు పక్కన పెడితే తెర ఆరిపోయింది. మూత మూశామో లేదో కనిపెట్టడానికి కింది భాగంలో చిన్న సెన్సర్ ఉంటుంది, మూతలో ఉన్న అయస్కాంతం దగ్గరికొస్తే అది పసిగడుతుంది. మన కవరులోని అయస్కాంతాన్ని చూసినా మూత మూసేశారనుకుని నిద్రపోతుంది. కానీ ఇప్పుడు ల్యాప్‌టాప్ నిద్రలో లేదు, ఫ్యాను తిరుగుతూనే ఉంది.

హాల్లో అత్తయ్య తిరుమల సుప్రభాతం చూస్తున్నారు. "అత్తయ్యా, ఒక్క ఐదు నిమిషాలు టీవీ ఇస్తారా?" అన్నాను. నా మొహం చూసి ఏమీ అడక్కుండా రిమోట్ చేతిలో పెట్టారు. హెచ్‌డీఎంఐ కేబుల్ టీవీకి తగిలించి, విండోస్ మీటా పీ మీటా కలిపి నొక్కాను. నలభై మూడంగుళాల టీవీ మీద మాస్టారి ఊరి చెరువు గట్టు అధ్యాయం నిండుగా కనిపించింది. అత్తయ్య కళ్లద్దాలు సర్దుకుని మొదటి పేరా పైకే చదివేశారు. "బాగా రాశాడే ఈయన" అన్నారు.

ఆ పేరా చదువుతున్నంతసేపూ నేను చేసిన పని ఒక్కటే, ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవడం. తెర పోయినవాళ్లు ముందు తెర గురించి ఆలోచిస్తారు. నా ఉద్దేశంలో టీవీ మీద బొమ్మ వచ్చిన క్షణమే ముందు చేయాల్సింది ఇది. ఆ తర్వాత రిపేరు షాపులో ఏమైనా కానీ, మన పని మన దగ్గరుంటుంది.

టీవీ మీద బాగా వచ్చిందంటే బొమ్మ తయారుచేసే చిప్పుకు ఏమీ కాలేదు. మిగిలినవి తెర, దానికి వెళ్లే కేబుల్, లైటు. ఏది పోయిందో చూడటానికి పూజగది పక్కనున్న స్టోరు రూములోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. బియ్యం డబ్బా మీద ల్యాప్‌టాప్ పెట్టి, ఫోను టార్చి వేసి తెరకు బాగా దగ్గరగా, ఏటవాలుగా పట్టాను. ఎదురుగా పడితే నా మొహమూ టార్చి గుండ్రమే కనిపిస్తాయి. కాస్త పక్కకు వంచి, మెల్లగా పైనుంచి కిందికి జరుపుతూ వచ్చాను.

అక్షరాలు కనిపించాయి. టార్చి పడినంత మేర, అరచేతి వెడల్పున, బూడిద మీద చీమల బారుల్లా వరసలు. ఇంకాస్త కిందికి జరిపితే కర్సరు. రాత్రి నేను ఆపిన చోటే, ఒక ళ-వత్తు సరిచేయాల్సిన మాట పక్కన, కొట్టుకుంటూ ఉంది. ఆ చీకట్లో అది ఎంతసేపటి నుంచి అలా కొట్టుకుంటోందో. నాకు కళ్లు చెమ్మగిల్లాయి, ఎందుకో మరి.

నా దాని లాంటి ఎల్‌సీడీ ల్యాప్‌టాప్ తెర తనంతట తాను వెలగదు. చాలామంది అనుకునేది వెలుగుతుందనే. బొమ్మను గీసేది లిక్విడ్ క్రిస్టల్ పొర, అది వెలుతురును ఆపుతుంది లేదా వదులుతుంది, అంతే. వెలుతురు దాని వెనక నుంచి రావాలి. అదే బ్యాక్‌లైట్. అది ఆరిపోతే బొమ్మ అక్కడే ఉంటుంది, మనకు కనిపించదు. టార్చి వేసి మనం బయటి నుంచి వెలుతురు ఇస్తే కనిపిస్తుంది. టార్చి వెలుతురులోనూ ఏమీ కనిపించకపోతే సంగతి వేరు, అప్పుడు బొమ్మ తెర దాకా రావడం లేదో, తెరే పాడైందో అన్నమాట.

నా మొదటి ల్యాప్‌టాప్ సెకండ్ హ్యాండ్‌ది, 2006 నాటిది. దానిలో తెర వెనక బాల్ పెన్ను రీఫిల్ అంత సన్నటి ట్యూబ్‌లైటు ఉండేది. ఆన్ చేయగానే తెర గులాబీ రంగులోకి తిరిగి, రెండు నిమిషాల్లో ఆరిపోయేది. ట్యూబు ముసలిదైతే అలా అవుతుందని అప్పట్లో చెప్పారు. ఆ ట్యూబు వెలగడానికి వందల వోల్టులు కావాలి, అందుకని ఇన్వర్టర్ అని ఒక చిన్న బోర్డు పక్కనే ఉండేది, అదీ తరచూ పోయేది. ఇప్పుడు ట్యూబులూ లేవు, ఆ ఇన్వర్టర్లూ లేవు, అంతా ఎల్ఈడీలే.

పదింటికి మా వీధి చివరి షాపుకు తీసుకెళ్లాను. ఆన్ చేసి చూసి, రెండు నిమిషాలు కూడా కాకుండా "డిస్‌ప్లే పోయింది మేడం, మార్చాలి, ఏడున్నర వేలు" అన్నాడు. టార్చి వేస్తే అక్షరాలు కనిపిస్తున్నాయని చెప్పాను. వినలేదు. "అవన్నీ ఇంట్లో చూసుకునేవి మేడం." టార్చి తీసి చూపించబోతే మూత మూసేశాడు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. తెలియకపోవడం తప్పు కాదు. చూడనంటే ఎలా? ఏడున్నర వేలంటే నాకు నెల రోజుల పని. మారు మాట్లాడకుండా బ్యాగులో పెట్టుకుని వచ్చేశాను.

తమ్ముడికి ఫోన్ చేస్తే "సీటీసీకి పోవే అక్కా, అక్కడైతే పది మంది ఉంటారు" అన్నాడు. సీటీసీ అంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటర్, నిండా కంప్యూటర్ షాపులే. తార్నాకలో మెట్రో ఎక్కాను. సన్నగా వాన. ప్యారడైజ్‌లో దిగి పార్క్‌లేన్ వైపు నడుస్తుంటే రోడ్డు మీద వేపమండల తోరణాలు కడుతున్నారు, లష్కర్ బోనాలు ఈ ఆదివారమే. బ్యాగు వానకు తడవకుండా గుండెలకు హత్తుకుని నడిచాను.

చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మొదటి మూడు షాపుల్లోనూ రేట్లే చెప్పారు. నాలుగోది మెట్ల కింద గది, కుర్చీ వేసే చోటు కూడా లేదు. ముప్పై ఏళ్ల అబ్బాయి తల కూడా ఎత్తకుండా "ఏమైంది అక్కా?" అన్నాడు. చెప్పాను. టార్చి మాట వినగానే తలెత్తి, తన ఫోను తీసి తానూ వేసి చూశాడు.

"లైటు పోయింది అక్కా, బొమ్మ పోలే."

ఆ ఒక్క మాటకు సగం టెన్షన్ దిగిపోయింది.

వెనక మూత విప్పగానే అతను చేసిన మొదటి పని బ్యాటరీ కనెక్టర్ పీకేయడం. అడిగితే చెప్పాడు: బ్యాటరీ ఉండగా తెర కేబుల్ పీకినా, పెట్టినా, కొంచెం వంకరగా తగిలిందంటే లైటు దారిలో ఉన్న ఫ్యూజు కాలిపోతుంది. తెర మార్పించుకున్నాక కొత్త తెర కూడా చీకటిగానే ఉంటే చాలాసార్లు కారణం అదేనట.

ఫ్యూజు అంటే ఇంట్లో మీటరు దగ్గర ఉండేదే ఇన్నాళ్లూ నాకు తెలుసు. తెర కేబుల్ బోర్డులోకి దిగే చోటు పక్కన వేలు పెట్టి చూపించాడు. నాకేమీ కనిపించలేదు. భూతద్దం కిందికి జరిపాడు. నువ్వుగింజలో సగం కూడా లేదు. రెండు చివర్లా వెండి మెరుపు, మధ్యలో తెల్లటి నలక. కరెంటు దారి తెగకుండా ఉంటే కూత పెట్టే మల్టీమీటరు తీసి, దాని పుల్లలు రెండూ పక్కనున్న మరో ఫ్యూజు మీద పెట్టాడు, బీప్‌మంది. ఈ నలక మీద పెట్టాడు, చప్పుడు లేదు. నాకు నమ్మకం కుదరాలని నా చేతికిచ్చి నన్నే పెట్టమన్నాడు. చెయ్యి వణికి రెండుసార్లు జారింది, మూడోసారి సరిగ్గా పడింది. నిశ్శబ్దం.

బోర్డు నుంచి బ్యాక్‌లైటుకు కరెంటు పోయే దారి అదొక్కటే. బొమ్మ వెళ్లే తీగలు వేరు, లైటు తీగలు వేరు, అన్నీ ఒకే కేబుల్‌లో పోతాయి. అందుకే బొమ్మ వచ్చి లైటు రాకపోవడం సాధ్యమైంది. వీధి చివరి షాపులో ఏడున్నర వేలు పోసి తెర మార్పించుకున్నా ఇలాగే చీకటిగా ఉండేదని అప్పుడు అర్థమైంది.

"ఇప్పుడు ఫ్యూజు మారిస్తే అయిపోతుందా?" అన్నాను.

"ఫ్యూజు దానంతటది పోదక్కా. ఎందుకు పోయిందో చూడాలె. కొందరు సన్న తీగతోని కలిపేస్తరు, లైటొస్తది. మళ్లా షార్టయితే ఈసారి బోర్డే పోతది."

తెర చుట్టూ ఉన్న ఫ్రేము తీసి, ఎడమ హింజ్ దగ్గర, అంటే మూత తిరిగే కీలు దగ్గర, కేబుల్‌ను బయటికి లాగాడు. అక్కడ నల్లటి టేపు అరిగి, లోపల రాగి వెంట్రుకలు రెండు మెరుస్తున్నాయి. హింజ్ బిగుసుకుపోయి, మూత తీసినప్పుడల్లా కేబుల్‌ను నొక్కుతోంది. ఏడేళ్లు, రోజుకు నాలుగైదుసార్లు. నెల రోజులుగా మూత వెనక్కి వంచితే తెర మిణుకుమంటూనే ఉంది. సరైన కోణంలో పెట్టుకుని పని చేసుకుంటూ వచ్చాను. అప్పుడే చూపించి ఉంటే కేబుల్‌తోనే పోయేది. మీ తెర కూడా మూత కదిలిస్తే మిణుకుమంటోందా, చూసుకోండి.

పాత కేబుల్ మీద నంబరు చూసి పై అంతస్తుకు ఫోన్ చేశాడు. అది వచ్చేలోపు, నా ఆసక్తి చూసో ఏమో, అటక మీద నుంచి పగిలిపోయిన పాత తెరను తీసి పొరలు విప్పి చూపించాడు. అన్నిటికంటే వెనక తెల్లటి కాగితం లాంటిది. దాని ముందు గాజులా ఉన్న మందపాటి ప్లాస్టిక్ పలక. కింది అంచున పసుపు పచ్చటి చుక్కలు వరసగా ఉన్న సన్నటి పట్టీ, అవే ఎల్ఈడీలు. నిజానికి అవి నీలం లైటు ఇచ్చేవి, మీద పూసిన పసుపు పొర వల్ల మనకు తెల్లగా కనిపిస్తాయి. ఆ నీలం ఎల్ఈడీ కనిపెట్టినందుకే 2014లో అకసాకి, అమానో, నకమురాలకు ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. అప్పట్లో పేపర్లో చదివాను. దానికీ నా బతుకుతెరువుకూ సంబంధం ఉందని తెలిసింది మాత్రం ఇవాళే, మెట్ల కింద ఆ గదిలో.

ఆ పలక అంచుకు అతను టార్చి ఆనించాడు. వెలుతురు లోపలికి దూరి, పలక మొత్తం పాలరాతిలా వెలిగింది. కింది అంచు నుంచి వచ్చే లైటు తెర నిండా సమంగా పరుచుకునేది దీని వల్లే. పట్టీలో కొన్ని ఎల్ఈడీలు పోతే తెర కింది వైపు అక్కడక్కడా నీడలు పడతాయనీ, అప్పుడు మాత్రం తెర మార్చక తప్పదనీ చెప్పాడు. తెర మసకగా ఉందంటూ వచ్చేవాళ్లలో కొందరికి బ్యాటరీ సేవర్ ఆఫ్ చేసి పంపిస్తాడట, డబ్బులు తీసుకోకుండా. వాళ్లలో ఎంతమందికి వేరే చోట కొత్త తెర అమ్మేవారో అనిపించింది.

కేబుల్ 900, ఫ్యూజు, హింజ్ వదులు చేయడం, కూలీ కలిపి 700. బ్యాటరీ తగిలించి ఆన్ చేశాడు. ఒక్క క్షణం నలుపు, ఆ తర్వాత తెల్లగా వచ్చింది. మూత పూర్తిగా వెనక్కి వంచి, ముందుకు తెచ్చి, పదిసార్లు ఆడించి మరీ ఇచ్చాడు. ఎక్కడా మిణుకు లేదు.

బయటికొచ్చి ఇరానీ చాయ్ తాగాను, రెండు ఉస్మానియా బిస్కెట్లు. పొద్దున్నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఇంటికొచ్చేసరికి మూడైంది. మాస్టారు ఫోన్ చేశారు. "అమ్మా, తొందరేం లేదు, గురువారం కాకపోతే శుక్రవారం" అన్నారు. ఎవరు చెప్పారో, అత్తయ్యే చెప్పి ఉంటారు. గురువారమే ఇస్తానన్నాను. ఇప్పటికి 139వ పేజీ అయింది. చెరువు గట్టు అధ్యాయం ప్రింటు తీసి ఇవ్వమని అత్తయ్య అడిగారు, ప్రింటరు ఇప్పుడే ఆన్ చేశాను.