కీచుమనే మెడ

టోక్యో నుంచి బుల్లెట్ రైలు షింకన్‌సెన్‌లో రెండు గంటలు వెళ్తే ఫురుకావా. అక్కడ లోకల్ రైలెక్కి, పొలాలు దాటి, నరుకో ఒన్‌సెన్‌లో దిగాం. దిగగానే గంధకం వాసన. మా ఆవిడ చున్నీతో ముక్కు మూసుకుంది.

ఇది వేడినీటి బుగ్గల ఊరు. పనుల్లేని రోజుల్లో రైతులు ఒళ్లు నొప్పులు తీర్చుకోడానికి వచ్చి రోజుల తరబడి ఉండేవాళ్లట. వెళ్తూ పిల్లలకి ఏదో ఒకటి పట్టుకెళ్లాలి కదా! గిన్నెలూ పళ్లేలూ చేసే ఇక్కడి కొండ వడ్రంగులు వాళ్ల కోసం చేసిన చెక్కబొమ్మే కొకేషి. చేతులుండవు, కాళ్లుండవు. గుండ్రటి తల, నిలువు ఒళ్లు, దాని మీద ఎర్రటి చామంతులు. జపాన్ ఈశాన్యాన ఉన్న ఈ తొహొకు ప్రాంతంలో ఒక్కో చోట ఒక్కో తీరు. నరుకో బొమ్మకి తల తిప్పితే మెడ కీచుమంటుంది.

ఆ కీచు ఎలా వస్తుందో చూద్దామనే ఒక పెద్దాయన కార్ఖానాకి వెళ్లాం. కర్ర పేరు మిజుకి. తెల్లగా ఉంటుంది, బెరడు తీసి నెలల తరబడి ఆరబెడతారు. ఉలులు ఆయన స్వయంగా సాగగొట్టుకున్నవే. లేత్ మీద ఒళ్లు గిరగిరా తిరుగుతుంటే, తల పట్టుకుని దాని రంధ్రంలోకి గట్టిగా అదిమారు. రంధ్రం మెడకన్నా కాస్త ఇరుకు. రాపిడికి వేడెక్కి, టక్కున లోపలికి దిగింది. జిగురు లేదు, మేకు లేదు. ఇక ఊడి రాదు, తిరుగుతుందంతే.

నాకు ఏటికొప్పాక గుర్తొచ్చింది. అక్కడ తిరిగే కర్రకి లక్క ఆనిస్తే ఇదే రాపిడి వేడికి కరిగి రంగు పట్టుకుంటుంది. ఫోన్‌లో ఆ బొమ్మల ఫొటో చూపించాను. ఆయన రంగుల జోలికి పోకుండా, "ఏం కర్ర?" అన్నారు. ఆ బొమ్మలు చేసే అంకుడు కర్రని జపనీస్‌లో ఏమంటారో నాకెక్కడ తెలుసు! "తెల్లటి కర్ర, మెత్తన" అన్నాను. తలూపారు.

రంగు వెయ్యని బొమ్మ ఒకటి నా చేతికిచ్చారు. చామంతి ఎలాగో గీశాను. కళ్ల దగ్గర టెన్షన్. ఒక్క గీతలో రావాలి, చెరపడానికి లేదు. నా చెయ్యి వణికి ఒక రెప్ప కిందికి జారింది.

"ఆఫీసు నుంచొచ్చిన మీలాగే ఉంది," అంది మా ఆవిడ.

తిరుగు షింకన్‌సెన్‌లో ఎవరూ మాట్లాడట్లేదు. ఆవిడ సంచిలోంచి బొమ్మ తీసి మెడ తిప్పింది. కీచ్! ముందు సీట్లో ముసలావిడ వెనక్కి తిరిగింది. తిడుతుందేమో అనుకున్నాం.

"నరుకో?" అంది నవ్వుతూ.