ఆఖరిసారి బతికున్నట్టు తెలిసిన తేదీ

అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో ఉద్యోగంలో చేరగానే నాకు అప్పగించిన పని ఒక గడి. పేరు, పాలసీ నంబరు, వాటి పక్కన ‘ఆఖరిసారి బతికున్నట్టు తెలిసిన తేదీ’. ఆ తేదీ పాతబడితే ఆ మనిషి పేరు దానంతట అదే ఫోన్ చేయాల్సినవాళ్ల జాబితాలోకి ఎక్కాలి. ప్రోగ్రాం మూడు రోజుల్లో రాసేశాను. ఆ గడి పేరుకు అలవాటు పడడానికి మాత్రం నెలలు పట్టింది.

హార్ట్‌ఫర్డ్ బీమా కంపెనీల ఊరు. మా ఆఫీసు పాలసీలు అమ్మేది కాదు, కొన్నవాళ్ల తరఫున లెక్కలు చూసేది. నయం కాని జబ్బు వచ్చినవాళ్లు అమెరికాలో తమ జీవిత బీమా పాలసీని పరాయివాళ్లకు అమ్ముకోవచ్చు. కొన్నవాడు ఇప్పుడే కొంత సొమ్ము ఇస్తాడు, ఆపై ప్రీమియం తానే కడతాడు, మనిషి పోయాక పాలసీ మొత్తం తీసుకుంటాడు. రోగికి మిగిలిన కాలం ఎంత తక్కువైతే ధర అంత ఎక్కువ. రాష్ట్రాలు వాడుకోవడానికి రాసిపెట్టిన అక్కడి నమూనా నిబంధనల ప్రకారం ఆరు నెలల లోపైతే పాలసీ మొత్తంలో కనీసం 80 శాతం, ఏడాదిన్నర దాటి రెండేళ్ల లోపైతే 60. ఆయుష్షు తరిగేకొద్దీ రేటు పెరిగే సరుకు నాకు తెలిసి ఇదొక్కటే.

1911లోనే అక్కడి సుప్రీంకోర్టు పాలసీ కూడా ఆస్తే, అమ్ముకోవచ్చు అని తేల్చింది. ఆపరేషన్‌కు డబ్బులేని ఒకాయన తన పాలసీని వంద డాలర్లకు ఒక డాక్టరుకు అమ్మిన కేసు అది. అసలు వ్యాపారం ఊపందుకున్నది 1980ల చివర, ఎయిడ్స్ రోగులతో. 1996లో, రెండేళ్లలోపు పోతారని డాక్టరు ధ్రువీకరించినవాళ్లకు ఈ సొమ్ముపై పన్ను తీసేశారు. ఆ సమయానికే కొత్త మందులూ వచ్చాయి. పోతారనుకున్నవాళ్లు బతికారు, కొన్నవాళ్లు నష్టపోయారు. ఆ నష్టం గురించి మా ఆఫీసులో ఒక పెద్దాయన నిట్టూర్చినప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఫోన్లకూ ఒక హద్దుంది. ఏడాదికి మించి బతుకుతారనుకుంటే మూడు నెలలకొకసారి, ఏడాదిలోపైతే నెలకొకసారి, అంతకు మించి పలకరించకూడదు. ఆ రెండు అంకెలూ నేనే ప్రోగ్రాంలో పెట్టాను. ఒకసారి పరీక్ష కోసం ఒక రికార్డింగు విన్నాను. ముసలాయన గొంతు. “ఇంకా ఉన్నాను. మీవాళ్లకు నా తరఫున క్షమాపణలు చెప్పండి” అన్నాడు. ఫోన్ చేసిన అమ్మాయి “చాలా సంతోషమండీ” అంది. అలా అనమని కాగితం మీద రాసిచ్చేవారు.

ఆ ఏడు సెలవుకు తిరుపతి వచ్చినప్పుడు మామయ్యకు కడుపులో క్యాన్సర్ అని తెలిసింది. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూజాసామగ్రి అంగడి ఆయనది. కీమోకు ఆరోగ్యశ్రీ ఉంది, అంగడి అప్పుకు ఏ శ్రీ లేదు. భోజనాలయ్యాక పసుపు గుడ్డసంచి తెచ్చి నా ముందు బోర్లించాడు. ఎల్ఐసీ బాండు, పదహారేళ్ల రసీదులు, ఏడాదికొక గుండుసూది. సూదులు తుప్పుపట్టి కాగితం మీద చుక్కలు పడ్డాయి.

“మీ దేశంలో దీన్ని కొంటారంట కదమ్మాయ్. ఇక్కడ ఎవరైనా కొంటారా?”

మా దేశం అన్నాడు. పదేళ్లకే!

మన దగ్గర అలాంటి బజారు లేదని చెప్పాను. 1938 నాటి బీమా చట్టం 38వ సెక్షన్ కింద పాలసీని ఇంకొకరి పేరున బదలాయించవచ్చు. అయితే అది పాలసీల వ్యాపారం కోసమని తోస్తే కంపెనీ ఒప్పుకోనక్కర్లేదని 2015లో సవరించారు. సరెండర్ చేస్తే, అంటే గడువుకు ముందే పాలసీని కంపెనీకి వదిలేస్తే, వచ్చేది తక్కువ, పైగా అత్తకు ఇక ఏమీ మిగలదు. దానికన్నా పాలసీ మీద లోను తీసుకోవడం మేలు. సరెండర్ విలువలో 90 శాతం దాకా ఇస్తారు, ఆయన తర్వాత అసలూ వడ్డీ పట్టుకుని మిగతాది అత్త చేతికి వస్తుంది. ఇదంతా చెప్పి, ఊరుకోకుండా నా ఉద్యోగం గురించి కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు.

మామయ్య శ్రద్ధగా విన్నాడు. “నెలనెలా ఫోన్ చేసి ఉన్నావా అని అడుగుతారా?”

“అవును మామయ్యా.”

“మంచివాళ్లే. నువ్వు ఉగాదికి చేస్తే మళ్లీ దీపావళికే కదా.”

అత్త వంటింట్లోంచి “ఊరుకోండి, పిల్ల రేపు వెళ్లిపోతోంది” అంది. ఆయన నవ్వుతూ రసీదులు ఏడాది వరస తప్పకుండా సంచిలో సర్దుకున్నాడు.

లోను వచ్చింది, అంగడి అప్పు తీరింది. నేను హార్ట్‌ఫర్డ్ చేరాక ప్రతి ఆదివారం పొద్దున, తిరుపతిలో సాయంత్రం దీపాల వేళకు, ఫోన్ చేయడం మొదలుపెట్టాను. రెండో ఆదివారమే ఆయన నా గుట్టు పట్టేశాడు. హలో అనకముందే అటునుంచి గొంతు:

“ఉన్నానమ్మాయ్, ఉన్నాను. ఈరోజు తేదీ వేసుకో.”