టపటప ఆగిపోయిన వారం

మాది మల్కాజిగిరిలో మూడో అంతస్తు ఫ్లాట్. పోయినేడాది జులై ముసురులో బాబు బట్టలు ఎంతకీ ఆరక డ్రయ్యర్ కొన్నాం. దాని వేడిగాలి గొట్టం అటక మీదుగా వెళ్లి, డక్ట్ వైపు, అంటే ఫ్లాట్ల మధ్య గాలి కోసం వదిలిన ఖాళీ వైపు, గోడలో ఒక రేకు మూత దగ్గర బయటికి తెరుచుకుంటుంది. ఏడాది పాటు ఏ ఇబ్బందీ లేదు. ఈ జూన్ నుంచి మాత్రం మిషన్ తిరుగుతున్నంతసేపూ ఆ మూత టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. బాబు ఉలిక్కిపడి లేచేవాడు. మా అత్తయ్య మధ్యాహ్నాలు తలుపు వేసుకుని పడుకునేవారు.

ఆగస్టులో ఒకరోజు ఆ చప్పుడు ఆగిపోయింది. అమ్మయ్య అనుకున్నాం అందరం.

అప్పటిదాకా గంట లోపు ఆరే బట్టలు, రెండు గంటలు తిప్పినా చెమ్మగానే ఉండేవి. వానాకాలం కదా అని సరిపెట్టుకున్నాను. ఒక సాయంత్రం మిషన్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. స్విచ్ కట్టేసి ప్లగ్ తీసేశాను.

వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా కొన్నాళ్లుగా గరగరమంటోంది. మర్నాడు దాని కోసమే మా గల్లీ ఎలక్ట్రీషియన్ అన్నను పిలిచాను. ఆయన ముందు స్క్రూడ్రైవర్ తియ్యలేదు. ఫ్యాన్ వేసి విన్నాడు. స్విచ్ ఆపి, రెక్కలు పూర్తిగా నిలిచేదాకా మళ్లీ విన్నాడు. కరెంటు తియ్యగానే ఠక్కున పోయే గుయ్‌మనే శబ్దమైతే మోటారుదీ కెపాసిటర్‌దీ తంటా అట. కరెంటు పోయాక కూడా తిరిగినంతసేపూ వినిపిస్తే రెక్కలదో బేరింగుదో. మాది రెండోదే. ఇంత తేలిక పరీక్ష నాకు ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు.

రెక్కలు విప్పి చూస్తే ఒకదాని మీద జిడ్డు అట్టకట్టి ఉంది, పక్కదాని మీద పెచ్చు ఊడిపోయింది. బరువు తేడా వస్తే ఫ్రేమ్ అంతా అదురుతుంది. గిన్నెల సబ్బు, వేడినీళ్లు చాలు. కాస్టిక్ సోడా వేస్తే అల్యూమినియం రెక్కలు తినేస్తుంది. కడిగి పెట్టాక అదురు పోయింది కానీ సన్నగా కిర్రుమంటూనే ఉంది. అత్తయ్య ఎప్పుడో కొబ్బరినూనె వేశారు, దానికి దుమ్ము పట్టి బంకలా అయింది. రాణిగంజ్ నుంచి బేరింగులు తెచ్చి మార్చాడు.

వెళ్లబోతుంటే డ్రయ్యర్ సంగతి చెప్పాను, చప్పుడు మాత్రం ఇప్పుడు లేదని కూడా.

"ఎప్పటి సంది బందైంది అక్కా?"

"వారమైంది అన్నా. దానంతటదే బాగైంది."

"బాగైతే బట్టలెందుకు ఆరుతలేవు?"

అటక ఎక్కాడు. ముడతల ఫాయిల్ గొట్టం మీద మేం పెట్టిన సూట్‌కేసు కూర్చుని ఉంది, గొట్టం నొక్కుకుపోయింది. ఆ వంపులోంచి ఆయన లాగిన ముద్ద నా అరచేతిలో పట్టలేదు. బూడిదరంగు నూగు, కంబళిలా పొరలు పొరలుగా. మధ్యలో బాబు పసుపు స్వెటర్ పోగులు, నా వెంట్రుకలు. బయట మూతకి తడి నూగు అంటుకుని, దాన్ని కదలకుండా పట్టేసింది.

అప్పుడు అర్థమైంది వరస. గాలి బలంగా వస్తే మూత పూర్తిగా లేచి నిలబడుతుంది, చప్పుడుండదు. నూగు అడ్డం పడి గాలి తగ్గితే లేస్తూ పడుతూ టపటపలాడుతుంది. గాలి ఇంకా తగ్గితే లేవనే లేవదు. అంటే జూన్‌లో మొదలైన చప్పుడే మాకు తెలియాల్సిన కబురు. మేం దాన్ని గోలగానే విన్నాం.

ఆ రాత్రి డాలస్‌లో ఉన్న చెల్లికి ఫోన్ చేస్తే కోప్పడింది. అక్కడ అటకలకి కూడా ఫ్యాన్లుంటాయి, అవి అదిరితే బోల్టుల కింద రబ్బరు వాషర్లు వేయిస్తారు, అది నిద్రకి సంబంధించిన విషయం. డ్రయ్యర్ గొట్టం మాత్రం ప్రాణానికి సంబంధించింది అంది. అమెరికా అగ్నిమాపక శాఖ 2008–2010 లెక్కల ప్రకారం అక్కడ ఇళ్లలో ఏటా సుమారు 2,900 డ్రయ్యర్ మంటలు. కారణాల్లో మొదటిది శుభ్రం చెయ్యకపోవడం. బాబు పడుకునే గది ఆ గోడకి అవతలే. చాలాసేపు నిద్ర పట్టలేదు నాకు.

ఇప్పుడు నున్నటి 4 అంగుళాల రేకు గొట్టం వేయించాం, వీలైనంత తిన్నగా. అతుకులకి ఫాయిల్ టేప్ వేయించాం, స్క్రూలు వద్దన్నాం. లోపలికి పొడుచుకొచ్చిన స్క్రూ మొనకి నూగు చుట్టుకుంటుంది. పావురాల భయంతో మూతకి జాలీ కొట్టించాలనుకున్నాను. అన్న వద్దన్నాడు, జాలీకి నూగు పడితే మళ్లీ అదే కథ. వల డక్ట్ పైన, టెర్రస్ దగ్గర కట్టించాం. ఫిల్టర్ నూగు ప్రతిసారీ తీసేస్తున్నాను, అత్తయ్య గుర్తుచేస్తారు.

మిషన్ వెయ్యగానే మూత టప్‌మని ఒకసారి తెరుచుకుంటుంది, ఆపాక ఇంకోసారి మూసుకుంటుంది. ఆ మొదటి చప్పుడు వినిపించేదాకా నేను యుటిలిటీ గుమ్మంలోనే నిలబడుతున్నాను.